మా మరిది గాలిలో ఆపిన రెక్కలు

నా పేరు జమ్ములమ్మ. వయసు డెబ్బై దాటింది. ఎంత దాటిందో చెప్పగలిగినవాళ్లు ఎవరూ మిగల్లేదు. మాది గద్వాల, మగ్గాల వీధి. మా ఇంటాయన పోయి చాలా కాలమైంది. ఇంట్లో నేను, కొడుకు, కోడలు, రెండు మగ్గాలు. గోడకు అటువైపు మా మరిది ఇల్లు. ఆ ఇంట్లో ఇప్పుడు నా తోటికోడలు రుక్కమ్మ ఒక్కతే ఉంది. నాకు అక్షరం రాదు. నేను చెబుతుంటే నా మేనకోడలు సుజాత రాస్తోంది. నా మాటలను మెత్తబరచవద్దని ముందే చెప్పాను.

మా మరిది పోయాడు. వనపర్తి దవాఖానలో, చలిజ్వరం ముదిరి తలకెక్కి పోయాడు. కబురు వచ్చినప్పుడు నేను అరుగు మీద రాట్నం ముందు కూర్చొని కండెలు చుడుతున్నాను. మూలమీది ఎస్టీడీ బూత్ అతను వచ్చి గడప బయటే నిలబడ్డాడు. "పెద్దవ్వా, వనపర్తికెల్లి ఫోనొచ్చింది," అన్నాడు. లోపలికి రాలేదు. నా చేతిలో నూలు తెగింది. నాకు ఏడుపు ఇంకా నోటిదాకా రాలేదు, వీధిలో చప్పుడు మొదలైంది. కిటికీలు మూస్తున్న చప్పుడు. ఒక ఇల్లు, దాని పక్కిల్లు, ఎదురిల్లు. చావు కబురు వస్తే మా వీధిలో తలుపులు తెరుచుకుంటాయి, ఆడవాళ్లు కొంగు బిగించి పరుగెత్తుకొస్తారు. ఆ పొద్దు మూసుకున్నాయి. మూసుకున్న ఒక కిటికీ వెనక నుంచి ఎవరో అన్నారు:

"పెంచినోణ్ణే తిన్నయి పురుగులు."

ఆ మాట విన్నప్పటి నుంచి నాకు భయం పట్టుకుంది. నేను గట్టి మనిషినని ఈ వీధిలో పేరు. నా నోటికి జడిసి పాలవాడు నీళ్లు కలపడు. అయినా ఇప్పుడు నాకు భయంగానే ఉంది, ఆ మాట కూడా రాయమన్నాను.

ఎందుకంటే పెద్దమనుషులు కూర్చొని ఒక మాట అనుకున్నారు. దినాలు అయిపోగానే రుక్కమ్మ ఇల్లు ఖాళీ చేసి ఇటిక్యాలలో అన్నదమ్ముల దగ్గరికి పోవాలట. మా మరిది ఫోటోలు కడిగే చీకటి గదిలో ఉన్నదంతా వీధిలోకి తెచ్చి కాల్చాలట. అలా చేస్తేనే జ్వరం వీధి విడిచి పోతుందట. నిన్న పొద్దున లేచేసరికి ఆ ఇంటి ముందు ఎండిన వేపమండలు, కంప కుప్పగా పోసి ఉన్నాయి. కుప్ప పక్కన గ్యాసునూనె డబ్బా. ఎవరు పెట్టారని అడిగితే తలుపులు వేసుకున్నారు. రుక్కమ్మ తలుపు సందులోంచి ఆ డబ్బా చూసి లోపలికి పోయి కూర్చుంది, అప్పటి నుంచి మంచినీళ్లు కూడా ముట్టలేదు. మనిషి ఇంట్లో ఉండగానే ఎవరైనా నిప్పు పెడతారేమోనని నేను పొద్దంతా ఆ గడప మీదే కూర్చుంటున్నాను.

అందుకని ఇది రాయిస్తున్నాను. దినాల నాడు సుజాత అందరి ముందు చదువుతుంది. తర్వాత మా వీధి ఎరుగనివాళ్లు చదివినా మంచిదే. నా మరిది ఎవరో, ఏం చేశాడో తెలుసుకొని, ఆ తర్వాత అగ్గిపుల్ల గీయాలో వద్దో చెప్పండి.

నేను ఆత్మకూరు పిల్లను. కృష్ణ దాటి, పుట్టిలో కూర్చొని ఈ ఇంటికి కోడలిగా వచ్చాను. మా మరిది అప్పుడు నా నడుము ఎత్తు. నేను వచ్చిన ఏడే మా అత్త అందరినీ సోమశిలలో కృష్ణ స్నానానికి తీసుకుపోయింది. స్నానాలయ్యాయి. ఒడ్డున మూడు రాళ్లు పెట్టి అన్నం వండుతున్నాం. కట్టెలు తడివి, పొగ లేచింది. ఆ పొగ పైన రాతిచరియకు తగిలింది. చరియ కింద తేనెపట్లు ఉన్నాయని మాకు తెలియదు.

ముందు చప్పుడు వచ్చింది. నేను జీవితంలో చాలా చప్పుళ్లు విన్నాను, అలాంటిది వినలేదు. ఎండ నల్లబడ్డట్టయింది. నేను నీళ్లలోకి దూకి మెడదాకా మునిగాను. మా అత్త దూకలేదు. చిన్నవాడు ఒడ్డున నిలబడిపోయాడు. ఆమె వాడిని ఇసుకలో పడుకోబెట్టి, మీద బోర్లా పడుకొని, తడిచీర ఇద్దరి మీదా లాగేసుకుంది. చీర వాడికి సరిపోయింది. ఆమెకు సరిపోలేదు. కొల్లాపూరు చేరేలోపే ఆమె ప్రాణం పోయింది. వాడి ఒంటి మీద ఒక్క కాటు లేదు.

పెద్దయ్యాక ఒకసారి నాతో అన్నాడు: "నన్ను ఒక్కటి గుడ కుట్టలే వదినా. కానీ నేను అంతా విన్న."

అప్పటి నుంచి రెక్క చప్పుడంటే వాడికి ప్రాణం పోయేది. ఈగ చెవి పక్క నుంచి పోతే చాలు, నా కొంగు పట్టుకొని వణికేవాడు. మగ్గం గుంతలో కూర్చోబెడితే దోమ వాలిందని ఉలిక్కిపడి లేచేవాడు, పోగులు పటపట తెగేవి. మా ఇంటాయన రెండేళ్లు ఓపిక పట్టాడు. "అన్నా, నాతోని గాదు," అని వాడే ఏడ్చాడు. చివరికి వనపర్తిలో ఒక ఫోటో స్టూడియోలో పనికి పెట్టాం. పెళ్లిళ్లకు లైటు పట్టుకోవడం నేర్చాడు, రీలు కడగడం నేర్చాడు, పెళ్లి చేసుకున్నాడు, సొంత కెమెరాతో గద్వాలకు తిరిగి వచ్చాడు. పాత బస్టాండు దగ్గర చిన్న దుకాణం, ఇంటి వెనక చీకటి గది. మా వీధిలో పెళ్లయినా, పిల్లలకు చెవులు కుట్టినా, ముసలివాళ్లు పోయినా మా మరిదే ఫోటో తీసేవాడు.

పురుగుల సంగతి ఎలా మొదలైందో నేను కళ్లారా చూశాను. ఒక పొద్దున వీధి పొడుగునా పడుగు నూలు పరిచి గంజి పెడుతున్నాం. తడి గంజికి ఈగలు వస్తాయి. వాటిలో ఒక రకం ఉంది, సన్నగా, పసుపు పట్టీలతో ఉంటుంది, దారానికి కట్టి వేలాడదీసినట్టు గాలిలో ఒకేచోట నిలబడుతుంది. మా మరిది గోడకు ఆనుకొని దాన్నే చూస్తున్నాడు. నుదుటి మీద చెమట.

"ఏందిరా గట్ల చూస్తున్నవ్, దయ్యాన్ని జూసినట్టు?" అన్నాను.

"వదినా, అది నిలబడ్డది. కదుల్తలేదు."

"కదులుతనే ఉన్నది. రెక్కలు కనబడ్తలేవు, గంతే."

"గదే నాకు భయం. ఉన్నయని చప్పుడు చెప్తది, కండ్లకు కనబడయి. కనబడితే గింత భయముండదేమో."

లోపలికి పోయి కెమెరా తెచ్చాడు. చేతులు ఎంత వణుకుతున్నాయంటే మెడలో పట్టీ కూడా ఊగుతోంది. గంజి కుంచె పట్టుకున్న ఆడవాళ్లంతా నవ్వారు. "ఈగకు పెండ్లి కుదిరిందా ఫోటోగ్రాఫరూ? నిలబెట్టి తీస్తున్నవ్!" అని ఒకామె అన్నది. వాడికి వినపడలేదు, చెవుల్లో దూది పెట్టుకున్నాడు. ఆ అలవాటు చివరిదాకా పోలేదు. పురుగుల దగ్గరికి పోయే ముందు నా బుట్టలోంచి దూది తీసుకొని రెండు చెవులూ మూసుకునేవాడు. పిలిస్తే పలకడు, భుజం మీద తట్టాలి. వీధిలో చెవిటి ఫోటో అని పేరు పెట్టారు. "చప్పుడు బందైతే కండ్లు పనిజేస్తయి," అనేవాడు.

మొదటి రీలు కడిగి తెచ్చి నాకు చూపించాడు. అంతా బూడిదరంగు, ఏమీ లేదు.

"ఏముందిరా ఇండ్ల?"

"ఏం లేదు వదినా. నేను నొక్కేసరికి పోయింది."

"అయితే గాలికి ఫోటో తీసినవా? గాలి బాగొచ్చింది, అద్దం కట్టించి పెట్టు!"

నవ్వాడు, మళ్లీ పోయాడు. చాలా రోజులు గాలి ఫోటోలే. తర్వాత వాడికి ఒక పద్ధతి దొరికింది. కెమెరా ముందుండే అద్దాన్ని ఊడదీసి దాని వెనకవైపు ముందుకు వచ్చేలా తిప్పి బిగించాడు, అప్పుడు చీమ తలకాయ కూడా గుమ్మడికాయంత కనిపిస్తుంది. కానీ చాలా దగ్గర ఒకే ఒక చోట మాత్రమే స్పష్టంగా కనిపిస్తుంది, వెంట్రుకంత ముందుకో వెనక్కో పోతే అంతా మసక. అందుకని పురుగు వచ్చే చోట ఒక నూలుపోగు కట్టేవాడు. పోగు స్పష్టంగా కనిపించేదాకా కెమెరాను సర్దేవాడు. తర్వాత పోగు తీసేసి, ఊపిరి బిగబట్టి, ఆ ఖాళీ చోటునే చూస్తూ కూర్చునేవాడు.

"పురుగెంబడి ఉరుకొద్దు వదినా," అనేవాడు. "అది వచ్చే తావుల మనం ముందే కూసోవాలె."

చేతులు వణికేవాడికి ఫోటో ఎలా వస్తుందని అడిగాను. దానికి వాడు చెప్పిన మాట ఇంకా నా చెవుల్లో ఉంది. "ఫ్లాష్ వెలుగు నా వణుకు కంటే జల్ది వదినా. నా చెయ్యి వణికేలోపట్నే వచ్చి పోతది. నా భయం ఫోటోల పడదు."

ఒకసారి నన్ను చీకటి గదిలోకి పిలిచాడు. ఎర్ర బల్బు, మందు వాసన, తొట్టిలో నీళ్లు, నీళ్లలో ఉత్త తెల్ల కాగితం. నేను చూస్తుండగానే ఆ కాగితంలోంచి ఒకటి పైకి తేలింది. ముందు మచ్చ, తర్వాత తల, తర్వాత కాళ్లు. తేనెటీగ. కాళ్లు కడుపు కిందికి ముడుచుకొని ఉంది. ఒక్కో రెక్కలో ఈనెలు కనిపిస్తున్నాయి, జరీ అంచులో గీతలు కనిపించినట్టు. దాని కింద ఏమీ లేదు. పువ్వు లేదు, నేల లేదు. అది అక్కడ ఉండకూడదు, కానీ ఉంది. నేను కెవ్వున అరిచాను.

"పడిపోతదిరా అది! ఆనుకోనీకె ఏమన్న పెట్టు దానికి!"

వాడు గట్టిగా నవ్వాడు. సోమశిల తర్వాత వాడు అలా నవ్వగా నేను చూడలేదు. తర్వాత నవ్వు ఆపి ఆ తడి కాగితాన్ని చాలాసేపు చూశాడు. "మా అమ్మ మీదికి వచ్చింది గిదే రకం వదినా," అన్నాడు. "ముఖం ఇయ్యాల్నే చూస్తున్న."

ఇంత భయస్తుడు మనుషుల మీదికి పురుగులను తోలాడంటున్నారు మీరు. ఇప్పుడు ఆ సంగతి చెబుతాను.

మా మగ్గాల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. ఎండాకాలం పొడిగాలికి పోగు తెగుతుంది. అందుకని మగ్గం గుంతలో ఒక మూల వెడల్పాటి నీళ్లకుండ పెడతాం, ఆ తేమకు పోగు నిలుస్తుంది. పడుగు మగ్గం మీద ఉన్నంత కాలం ఆ కుండను కదిలించకూడదని మా పెద్దల ఆచారం, కదిలిస్తే చీర కలిసిరాదంటారు. నీళ్లు తగ్గితే పైన పోస్తాం, పాతనీళ్లు పారబోయం. ఒక పడుగు అయ్యేసరికి నెలలు గడుస్తాయి. ఆ కుండ నీళ్లలో తోకపురుగులు కదులుతుంటాయి. అందరమూ చూసినవాళ్లమే. ఏనాడూ పట్టించుకున్నవాళ్లం కాదు.

మా మరిది పట్టించుకున్నాడు. వీధిలోకి అప్పుడప్పుడే టీవీ వచ్చిన రోజులవి. మా మగ్గం గుంతలో కుండ వెనక నల్లగుడ్డ కట్టి, పోగు అడ్డం కట్టి, పొద్దున్నే అక్కడ కూర్చునేవాడు. ఆ తోకపురుగులు కొన్నింటిని సీసాలో పోసి, మూతికి గుడ్డ కట్టి, వీధివైపు కిటికీలో పెట్టుకున్నాడు, ఎప్పుడు రెక్కలు వస్తాయో చూడడానికి. వీధిలోవాళ్లు ఆ సీసా చూశారు. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు.

వానలు పడ్డాక చలిజ్వరం వచ్చింది. ఇంటింటికీ వచ్చింది. దుప్పట్లు కప్పుకున్నవాళ్ల పళ్లు పగలే టకటక కొట్టుకుంటుంటే గోడ ఇవతలికి వినపడేది. ఎదురింటి నర్సమ్మ బిడ్డకు వచ్చింది. ఒక్కతే బిడ్డ, మాటకారి, నన్ను కూడా పేరు పెట్టి పిలిచేది. దవాఖానకు తీసుకుపోయారు, తిరిగి తెచ్చారు. తెచ్చింది బిడ్డను కాదు.

మట్టి చేసి వచ్చాక నర్సమ్మ పెనిమిటి ఇంటికి పోలేదు. నేరుగా మా మరిది గుమ్మం ముందుకు వచ్చాడు. వెనక వీధి మొత్తం. కిటికీలోని సీసా వాడి కంటబడింది.

"ఏందది? పెంచుతున్నవా? మా పిల్లలను సంపనీకె పెంచుతున్నవా?"

నేను మా అరుగు దిగి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. "జర ఆగు తమ్మీ. నీ కడుపుకోత నాకెరుకే. గా సీసల పురుగు మా కుండలదే. మీ కుండల గుడ ఉన్నది, పోయి జూసుకో."

"నువ్వు జరుగు అక్కా. నీ మీదికి చెయ్యి లేవదు నాకు."

అప్పుడు మా మరిది లోపలి నుంచి వచ్చాడు. చేతిలో తడి ఫోటో, అంచు నుంచి నీళ్లు కారుతున్నాయి. అందులో దోమ. నీళ్లను వదిలి అప్పుడే లేచింది, వెనక కాళ్లు ఇంకా నీటికి అంటినట్టున్నాయి. పక్కన కుండ అంచు. అందరికీ కనిపించేలా ఎత్తి పట్టాడు.

"అన్నా, చూడుండ్రి. కుండల్నుంచి లేస్తున్నది. గీడికెల్లే వస్తున్నయి. ఆచారం గీచారం ఇడిసిపెట్టి కుండలు ఒలకబోయుండ్రి, లేకుంటే మూతికి గుడ్డ కట్టుండ్రి. జ్వరం తగ్గుతది."

ఫోటో చేతులు మారింది. ముట్టుకున్నవాళ్లు వేళ్లు తుడుచుకున్నారు. నేను ఆ ముఖాలు చూశాను. అర్థం చేసుకుంటున్నారనుకున్నాను. ఫోటో నర్సమ్మ పెనిమిటి చేతికి వచ్చింది. చాలాసేపు చూశాడు. తల ఎత్తినప్పుడు వాడి కళ్లలో కోపం లేదు, భయం ఉంది. కోపం కంటే అది చెడ్డది.

"గాలిల పోయే దోమను ఆపినోనికి," అన్నాడు మెల్లగా, "దాన్ని తోలుడు రాదా?"

ఆ మాటతో వీధి మారిపోయింది. ఎవరో రాయి విసిరారు. మా మరిది భుజానికి తగిలింది. ఇంకో రాయి కిటికీకి తగిలి సీసా పగిలింది. నేను చేతులు చాచి, నా నోటికి వచ్చిన తిట్లన్నీ తిట్టాను, అరిచాను, ఉమ్మాను. నా వెనక వాడు నా కొంగు పట్టుకున్నాడు. అంత మనిషి, పిల్లవాడిలా పట్టుకున్నాడు. నా కాళ్లు వణుకుతున్నాయని ఆ కొంగు ద్వారా వాడికి తెలిసిపోతుందేమోనని నా భయం.

"కుండలల్ల మంత్రం పెట్టిండు! పగలగొట్టుండ్రి!" అని ఎవరో అరిచారు.

దాంతో గుంపు ఆ గుమ్మం వదిలి ఇళ్లలోకి ఉరికింది. ఎవరి ఇంటి కుండ వాళ్లే పగలగొట్టుకున్నారు. మా ఇంట్లోది కూడా వచ్చి పగలగొట్టారు. పెంకులు, నీళ్లు, నీళ్లతో పాటు తోకపురుగులు వీధి కాలువలో పారాయి. మా మరిది చూస్తున్నాడు. రాయి తగిలిన భుజాన్ని పట్టుకొని నా చెవిలో అన్నాడు: "పగలగొట్టనీ వదినా. నేను చెప్పింది గదే గద."

జ్వరం తగ్గింది. కొద్దివారాల్లో పూర్తిగా తగ్గింది. అక్కడే మా ప్రాణానికి వచ్చింది. వాడు చెప్పినట్టు నీళ్లు పారబోసినందుకు తగ్గిందని ఎవరూ అనుకోలేదు. మంత్రం పగిలింది కాబట్టి తగ్గిందనుకున్నారు. జ్వరం తగ్గకపోయి ఉంటే వీధి వాడిని మరిచిపోయేది. తగ్గడంతో నేరం రుజువైపోయింది.

ఆ తర్వాత ఇక్కడ పెళ్లి ఫోటోలకు కూడా ఎవరూ పిలవలేదు. దుకాణం మూసి, మళ్లీ వనపర్తిలో పనికి కుదిరాడు, వారానికోసారి ఇంటికి వచ్చేవాడు. వీధిలో నడిచేటప్పుడు ఆడవాళ్లు పిల్లలను లోపలికి పిలుచుకునేవాళ్లు. వాడు తల వంచుకొని గోడ వెంబడి వచ్చేవాడు. ఇంటికి రాగానే రుక్కమ్మను అడిగే మొదటి మాట ఒకటే: "కుండకు గుడ్డ కట్టిండ్రా?" మరుసటి ఎండాకాలం పోగులు తెగుతుంటే అందరి గుంతల్లోకి కుండలు మళ్లీ వచ్చాయి. గుడ్డ మాత్రం మా ఒక్క ఇంట్లోనే కట్టుకున్నాం. వీధిలో చెప్పమని నన్ను బతిమాలేవాడు. నేను చెప్పాను. "మీ మరిది మంత్రమా పెద్దవ్వా?" అని నవ్వినవాళ్లు ఇప్పుడూ ఉన్నారు, దినాల నాడు ముందు వరసలోనే కూర్చుంటారు.

ఈసారి వానలకు జ్వరం మళ్లీ వచ్చింది. ఇంటికి వచ్చిన మా మరిదికీ వచ్చింది. వనపర్తి బస్సు ఎక్కించేటప్పుడు దుప్పటిలో వాడు చిన్నగా కనిపించాడు. "వదినా, చెవులల్ల చప్పుడొస్తున్నది, దూది ఉన్నదా?" అన్నాడు. నేను కొంగులో వెతికాను. బస్సు కదిలింది.

ఇప్పుడు మీరే చెప్పండి. పురుగులను పంపగలిగినవాడు తన మీదికి పంపుకుంటాడా? వాడు పోయాడు కదా, జ్వరం ఎందుకు పోలేదు? నిన్న కూడా మూలమీది ఇంట్లో ఒకరు పడ్డారు. ఆ ఇంటి మగ్గం గుంతలో కుండ ఉందా లేదా పోయి చూడండి. రుక్కమ్మను వెళ్లగొట్టినా, చీకటి గదిని బూడిద చేసినా, కుండ అక్కడే ఉంటుంది. అప్పుడు ఇంకెవరి ఇంటి ముందు కంప పోస్తారు? నా భయం అదే. ఈ భయానికి ప్రతిసారీ ఒక మనిషి కావాలి. మా మరిది భయపడ్డప్పుడు పోయి దాని ముఖం చూసి వచ్చాడు. మీరు రాయి తీసుకున్నారు.

ఇంతవరకూ చెప్పి నిన్న మధ్యాహ్నం ఆపాను, గొంతు పోయింది. రుక్కమ్మకు గంజి తాగిద్దామని లోపలికి పోయాను. పెరటి తలుపు మెల్లగా తట్టిన చప్పుడు. రుక్కమ్మ నా చెయ్యి పట్టుకుంది. నేను రోకలి అందుకొని గడియ తీశాను.

నర్సమ్మ. ఎదురింటి నర్సమ్మ. తల నిండా కొంగు కప్పుకుంది, చెప్పులు చేతిలో పట్టుకుంది. ఇన్నేళ్లలో ఈ గడప తొక్కలేదు.

"రోకలి దించు అక్కా," అన్నది. "మా ఆయన నేతకు కూసున్నడు. లేసేలోపట పోవాలె."

"ఏం గావాలె నీకు?"

ఆమె నన్ను చూడలేదు, రుక్కమ్మను చూసింది. "మా బిడ్డకు మీ ఆయన ఒక ఫోటో తీసిండు. అరుగు మీద, కండె పట్టుకొని నవ్వుతది. గా ఫోటోను మా ఆయన రాళ్లేసిన దినమే చింపి పొయ్యిల ఏసిండు. ఇంకోటి లేదు. బిడ్డ ముఖం నాకు మరుపుకొస్తున్నది రుక్కమ్మా. దినాలు గాంగనే గా గదిని కాలుస్తమంటున్నరు. అండ్ల ఏమన్న ఉన్నదా అని..."

రుక్కమ్మ లేచింది. డబ్బా చూసినప్పటి నుంచి ఆ మనిషి లేవడం అదే మొదలు. చీకటి గదిలోకి పోయింది. లోపల బిస్కెట్ డబ్బాల నిండా నెగెటివ్‌లు. ఈ వీధి పెళ్లిళ్లు, ఈ వీధి పిల్లలు, ఈ వీధి చావులు, అన్నీ అక్కడే ఉన్నాయి. మా మరిది ఒక్కటీ పారేయలేదు. పురుగులవి వేరే డబ్బాలో, మనుషులవి వేరే. కాల్చేవాళ్లకు ఆ సంగతి తెలియదు. తమ అమ్మానాన్నల ముఖాలు కూడా ఆ మంటలో ఉంటాయని ఒక్కరూ ఆలోచించలేదు.

రుక్కమ్మ వెతికి ఒక ముక్క తెచ్చింది. గదిలో సరిగా కనిపించలేదు. ముగ్గురం పెరట్లోకి వచ్చాం. నర్సమ్మ దాన్ని రెండు వేళ్లతో అంచులు పట్టుకొని ఎండకు ఎత్తింది.

"అక్కా, గిదేంది? నా బిడ్డ ఎంట్రుకలు తెల్లగున్నయి."

"నెగెటివ్‌ల గట్లనే ఉంటది," అన్నది రుక్కమ్మ. "నల్లది తెల్లగ కనబడ్తది. కాగితం మీదికొస్తే మల్ల నల్లగైతయి. వనపర్తిల తీపిచ్చుకొస్త, భయపడకు."

నర్సమ్మ చెయ్యి దించలేదు. ముఖం నల్లగా, పళ్లు నల్లగా, తల మాత్రం పూర్తిగా తెల్లబడిన ఆ చిన్నపిల్ల ఎండలో నవ్వుతోంది.

"ముసలిదైంది నా బిడ్డ," అన్నది నర్సమ్మ. "చూడుండ్రి, ఎంత పెద్ద ముసలమ్మ అయిందో."

ఎదురింట్లో నర్సమ్మ పెనిమిటి మగ్గం చప్పుడు వినిపిస్తూనే ఉంది. అది ఆగేదాకా ఆమె అలా పట్టుకొని నిలబడింది.

ఇది నేను చెప్పగా రాసి, నాకు చదివి వినిపించినది. ఒక్క మాట కూడా వెనక్కి తీసుకోను.

జమ్ములమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు:
రుక్కమ్మ, తోటికోడలు, సంతకం
నర్సమ్మ, ఎదురిల్లు, తానే అడిగి వేసిన వేలిముద్ర

రాసినది: సుజాత, మేనకోడలు